చింతచెట్ల కింద పాట

కుప్పం,
ఫిబ్రవరి 8, ఆదివారం.

నాయనకు నీ బిడ్డ హంసవేణి దణ్ణం పెట్టి రాస్తున్నది.

ఈ పొద్దున నేనింకా మొహం కడుక్కోకముందే నన్ను వెతుక్కుంటూ ఒక మనిషి వచ్చాడు. బయట మంచు విడలేదు. ఇంటామె సెల్వక్క తలుపు తట్టి, "వేణీ, లెయ్ లెయ్. పాట పాడే పాప ఈడేనా ఉండేది అని ఎవురో పెద్దాయన అడగతాండాడు" అంది. పాట పాడే పాప! కుప్పం వచ్చినప్పటి నుంచి ఆ పేరుతో నన్ను అడిగినవాళ్లు ఒక్కరు లేరు. జడ అల్లుకుంటూనే పరుగెత్తాను. ఎవరింట్లోనో పెళ్లికి పాడమంటారనుకున్నాను. పిల్లలకు సంగీతం చెప్పమంటారనుకున్నాను. తలుపు నుంచి గేటు దాకా నాలుగడుగుల దూరమే గానీ, అంతలోనే మనసు ఎక్కడెక్కడికో పోయి వచ్చింది. ఆయన ఎందుకు వచ్చాడో తర్వాత చెబుతాను. ముందే చెబితే నువ్వు మిగతా కాగితాలు చదవకుండా మడిచి జేబులో పెట్టుకుంటావు.

నీ గొంతు ఎట్లా ఉంది నాయనా? అమ్మ ఫోనులో "బాగానే ఉండాది లే" అంటుంది గానీ ఆ 'లే' నాకు నచ్చలేదు. నేను నీకు ఫోను చేయకుండా ఈ కాగితాలు పంపేది అందుకే. ఫోనెత్తితే నువ్వు ఊరుకోలేవు. "తింటివా మా" అని ఒక్క మాటైనా అంటావు. గొంతులో లేచిన కాయ కరిగేదాకా ఆ ఒక్క మాట కూడా వద్దని, గుసగుస కూడా వద్దని డాక్టరు చెప్పాడు కదా. కాబట్టి చదువుకుంటూ తలాడించు, చాలు. అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? తమ్ముడు ఐటీఐకి సక్రమంగా పోతున్నాడా, బస్టాండులో నిలబడుతున్నాడా? అవ్వకు కళ్లజోడు మార్పించారా? బర్రె ఈనిందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నా గురించి దిగులు పడవద్దు.

నేనిట్లా పుస్తకాల తెలుగులో రాస్తే నువ్వు నవ్వుతావని తెలుసు. శబ్దం రాకుండా నవ్వు. సంగీతం డిప్లొమా పరీక్షకు చదివే పుస్తకాల వల్ల నాకీ జబ్బు పట్టుకుంది. ఒక మంచి మాట కనబడితే రోజంతా దాన్ని నోట్లో వేసుకుని తిరుగుతాను, తాటిబెల్లం ముక్క చప్పరించినట్టు. పోయిన వారం నాకు దొరికిన మాట 'ఆవరణ'. ఎంత బాగుందో చూడు. పలికితేనే నాలుగు వైపులా గోడ కట్టి మధ్యలో గాలి వదిలినట్టు ఉంటుంది. ఆ మాటను ఎక్కడో ఒక చోట వాడకపోతే నాకు నిద్ర పట్టదనిపించింది. వాడాను. దాని సంగతే నీకు చెప్పాలి.

ముందు ఇక్కడి బతుకు చెబుతాను. చలి ఇంకా పోలేదు. పొద్దున రైలు కూత వినబడుతుంది గానీ మంచులో రైలు కనబడదు. బెంగళూరు పనులకు పోయేవాళ్లంతా స్టేషను వైపు పరుగెత్తుతుంటే నేనొక్కదాన్నే ఎదురు దిక్కున బడికి నడుస్తుంటాను. సెల్వక్క ఇంట్లో కూర్చుని ఊదుబత్తీలు చుడుతుంది. ఆ వాసన నా చీరలకూ పుస్తకాలకూ పట్టేసింది. ఆమె పిల్లలతో తమిళం మాట్లాడుతుంది, నాతో తెలుగు మాట్లాడుతుంది, కోపం వస్తే మాత్రం అది ఏ భాషో ఆమెకే తెలియదు. నా కోసం సంగటి కెలుకుతుంది. అది అమ్మ చేసినట్టు ఉండదు, ముద్ద చేతికి అంటుకుంటుంది. ఆ మాట ఆమెతో అనలేదు. రెండు పూటలా తింటున్నాను, బాగానే తింటున్నాను, అమ్మకు చెప్పు.

బడిలో సంగీతం పీరియడ్ అంటే లెక్కల సారు తన మిగిలిపోయిన పాఠం చెప్పుకునే పీరియడ్. "ఈ ఒక్క రోజు ఇయ్యి మా" అంటాడు. ఆ ఒక్క రోజు ప్రతి వారమూ వస్తుంది. హార్మోనియాన్ని ఆటల గదిలో, చిరిగిన వాలీబాల్ నెట్ల కింద పెట్టారు. తీసిన ప్రతిసారీ దుమ్ము దులిపి, లోపల ఎలుక లేదని చూసుకుని వాయిస్తాను. అయినా పిల్లలు బంగారం నాయనా. చేరిన మొదటి రోజు ఏడో తరగతిలో, వాళ్ల భయం పోవడానికి, "మీ ఇంట్లో పాట ఎవరు పాడతారు?" అని అడిగాను. ఝాన్సీ అని ఒక పిల్ల వెంటనే లేచి, "మా మామ పాడతాడు మిస్. మండీలో!" అంది. తరగతి గొల్లుమంది. నేను నవ్వలేదు. నాకు నా రెండో తరగతి గుర్తుకు వచ్చింది.

నీకు గుర్తుందా? టీచరు "మీ నాయన ఏం చేస్తాడు?" అంటే నేను "పాట పాడతాడు" అన్నాను. ఆమె నిన్ను పెద్ద గాయకుడనుకుని నన్ను స్టేజీ ఎక్కించి, "మీ నాయన పాడేది పాడు తల్లీ" అంది. నేను చెయ్యి పైకెత్తి, మదనపల్లె మండీలో టమోటా క్రేట్ల మధ్య నువ్వు వేలం పాడేటప్పుడు నిలబడినట్టు నిలబడి, "ఇంగెవురన్నా? ఇంగెవురన్నా?" అని గొంతెత్తాను. బడంతా పడి పడి నవ్వింది. కానీ ఆ టీచరు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "గొంతు బాగుంది, సంగీతం నేర్పించండి" అని నీతో చెప్పిపోయింది. అప్పటి నుంచే కదా నువ్వు నన్ను టమోటా బండిలో పక్కన కూర్చోబెట్టుకుని మదనపల్లెకు తీసుకుపోయి, మండీ పని ముగించుకుని పాటల అయ్యవారి ఇంటి దగ్గర దింపేవాడివి. "నా గొంతు సరుక్కి పోయింది. నీ గొంతు సరుక్కి పోకూడదు మా. మన ఇంట్లో ఒకరన్నా అసలు పాట పాడాల" అనేవాడివి. ఆ మాట నేను మరచిపోలేదు. ఈ కాగితం రాయడానికి చెయ్యి బరువుగా ఉన్నది కూడా ఆ మాట వల్లనే.

ఝాన్సీ చెప్పిన ఆ మాటతో నాకు ఒక పాట పుట్టింది. నేనే రాశాను, నేనే బాణీ కట్టాను. నీ 'ఇంగెవురన్నా'నే పల్లవి. నువ్వు 'అన్నా' దగ్గర గొంతును కొంచెం కిందికి వంచి, మళ్లీ పైకి లేపి, సగంలో వదిలేస్తావు కదా, ఆ విరుపును ఉన్నది ఉన్నట్టు పెట్టాను. అయ్యవారు వింటే ఒప్పుకోడు. పాట ఎక్కడ తిరిగినా చివరికి షడ్జానికి చేరాలంటాడు. నీది చేరదు. గాలిలో చెయ్యి చాపి నిలబడుతుంది, ఎవరో ఒకరు అందుకునేదాకా. నా పాటలో ఒక పిల్ల "నీళ్లు కట్టేది ఎవురన్నా? కలుపు తీసేది ఎవురన్నా? ఇంగెవురన్నా?" అని అడుగుతుంది. మిగతా పిల్లలందరూ చెయ్యెత్తి "నేనుండా!" అంటారు. అంతే పాట. చిన్నదే. కానీ పిల్లలు దాన్ని బస్సులో పాడుకున్నారు, కుళాయి దగ్గర పాడుకున్నారు. నేను కట్టిన బాణీ నాకు తెలియకుండా నా వెనక వినబడటం అదే మొదటిసారి.

దీనికి ముందు కట్టినవాటి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. పుంగనూరు బడిలో వారానికి రెండు రోజులు చెప్పేటప్పుడు, మిగతా రోజులు పెళ్లి వీడియోలు చేసే ఒకాయన స్టూడియోలో కూర్చునేదాన్ని. నా పాట ఒకటి అక్కడే రికార్డు చేశాం. "పాట బాగుండాది మా. అయితే ఇనేదెవురు? దీంట్లో బీటు యాడుండాది?" అని ఆయన కింద డీజే దరువు వేశాడు. దాన్ని యూట్యూబులో పెట్టాడు. అది నా పాటేనని నేనే గుర్తుపట్టలేకపోయాను. చూసినవాళ్లందరూ మన ఊరివాళ్లే, అది కూడా తమ్ముడు వెంటపడి చూపించినవాళ్లే. హైదరాబాదుకూ బెంగళూరుకూ పంపిన పాటలకు జవాబు రాలేదు. బాగాలేదనే జవాబు కూడా రాలేదు. ఆ తర్వాత పుంగనూరు బడిలో నా పోస్టు తీసేశారు, నేను కుప్పం వచ్చాను. ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ బడిలో పిల్లల నోట నిలిచిన ఈ ఒక్క పాట నాకు ఎంత ముఖ్యమో నువ్వు తెలుసుకోవాలని.

పోయిన వారం కరస్పాండెంట్ సార్ పిలిచాడు. ఈ బడి ఆయనదే. "వచ్చే ఏడు మ్యూజిక్ ఉంచాల్నా తీసేయాల్నా అని ఆలోచిస్తాండా మా" అన్నాడు. "పేరెంట్స్ అడిగేది అబాకస్. పాటల్ని ఎవురూ అడగడం లేదు. ఒక పని చెయ్. శనివారం సాయంత్రం పేరెంట్స్‌ని పిలిపించు. నీ పిల్లకాయల్తో పాడించు. వాళ్లు వచ్చి, బాగుండాది అంటే ఆన్యువల్ డేలో కూడా అదే పెడదాం, వచ్చే ఏడు కూడా నువ్వు ఉండొచ్చు. రాకపోతే నన్ను అనొద్దు."

నా ఉద్యోగం, నా పాట, రెండూ ఆ శనివారం మీదనే పెట్టాడు. నేను బెదరలేదు. మెసేజ్ ఎంత అందంగా రాయాలా అని ఆ రోజంతా ఆలోచించాను. 'మ్యూజిక్ ప్రోగ్రాం' అని రాయడం నాకు ఇష్టం లేదు. మనకు పాట అన్న మాట ఉండగా అదెందుకు? బడి వెనక చింతచెట్ల కింద నీడ బాగుంటుంది కాబట్టి అక్కడే పెట్టాలనుకున్నాను. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇట్లా రాశాను:

"శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మన బడి ఆవరణలోని చింతచెట్ల కింద పాట జరుగును. ఆసక్తి గలవారు తప్పక హాజరు కాగలరు."

'ఆవరణ' దానిలో ఎంత చక్కగా ఒదిగిందో అని మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయాను. నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నువ్వైతే చదివిన వెంటనే తల కొట్టుకునేవాడివి. నాకు మాత్రం తట్టలేదు. మండీలో పాట పాడేవాడి కూతురికే తట్టలేదు.

నిన్న మూడు గంటలకే జంబుకానాలు పరిచాం. మైకు పెట్టాం. అమ్మలు కూర్చుంటారని ముందు వరసలో కుర్చీలు వేశాం. ఝాన్సీ తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నాలుగు కాకముందే బండ్లు రావడం మొదలైంది. బైకులు, ఆటోలు, ఒక టెంపో కూడా. దిగినవాళ్లందరూ మగవాళ్లే, భుజం మీద తువ్వాలు. ఒక్కరూ కుర్చీలో కూర్చోలేదు. అందరూ తలలెత్తి చెట్ల మీదికి చూస్తున్నారు. పైన ఏముందా అని నేను కూడా చూశాను. ఒకాయన కొమ్మ వంచి ఒక కాయ తుంచి, పెంకు చిదిపి, గుజ్జు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ముందు వరసలో కూర్చున్నది సెల్వక్క ఒక్కతే. పట్టుచీర కట్టుకుని, నా పాట కోసం ఊదుబత్తీల పని మానుకుని వచ్చింది.

పిల్లలు మొదలుపెట్టారు. ఝాన్సీ బాగా పాడింది నాయనా. "ఇంగెవురన్నా?" అని ఆ విరుపు దగ్గర వదిలిపెట్టింది. పిల్లలు చేతులెత్తి "నేనుండా!" అన్నారు. వెంటనే వెనక నుంచి ఒక మగ గొంతు, "నేనూ ఉండా! ముందర రెండు చెట్లూ నాకే!" అంది. నవ్వులు. ఒకాయన ముందుకు వచ్చి, "ఏం మా, పిల్లకాయలతో ఆటలాడిస్తాండారు. అసలు పాట ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు.

"ఇదే పాట అన్నా" అన్నాను.

"ఇదే పాటంటే? చెట్ల పాట యాడ?"

"చెట్ల పాట ఏమిటి?"

ఆయన ఫోను తీసి నా మెసేజే నాకు చదివి వినిపించాడు. "నువ్వే కదమ్మా రాసింది? చింతచెట్ల కింద పాట జరుగును అంట. ఆసక్తి గలవారు హాజరు కాగలరంట. ప్రతి ఏడూ ఈ నెల్లోనే కదా చింతకాయల వేలం పెట్టేది మీరు? పనులు ఇడిసిపెట్టుకోని వీకోట నుంచి వస్తిమే!"

చింతకాపును ఏటా వేలం వేస్తారని నాకు తెలియదు. వేలం నోటీసు రాసే పద్ధతిలోనే నా మెసేజ్ ఉందనీ నాకు తెలియదు. తల్లులు చదివి, "మన పిల్లల సంగతి కాదు, చెట్ల సంగతి" అనుకుని ఇంట్లో ఉండిపోయారు. తండ్రులు చదివి, తెలిసిన చింతపండు వ్యాపారులందరికీ పంపించారు.

అప్పటికే కరస్పాండెంట్ సార్ వచ్చాడు. మొదట కళ్లెర్రజేశాడు. తర్వాత అంతమంది కొనేవాళ్లను చూసి మెత్తబడ్డాడు. "వచ్చినోళ్లు వచ్చినారు. ఎట్లయినా వేలం పెట్టాల్సిందే కదా. ఇప్పుడే కానిచ్చేద్దాం" అన్నాడు.

"పిల్లల పాట ఇంకా సగం ఉంది సార్."

"ఉంటే ఉండనీ మా. పిల్లకాయల్ని ఆ పక్క కూసోబెట్టు."

వేలం పాడే అటెండరు నిన్న సెలవు. సార్ అటూ ఇటూ చూసి, "మైకు చేతిలో పెట్టుకోని ఉండావు కదా. నువ్వే పాడు" అన్నాడు. నేను రానన్నాను. రాదన్నాను. "పిల్లకాయలకు అంత బాగా నేర్పించినావు, నీకు రాదా? కానీ కానీ, పొద్దు పోతాండాది" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మొదట మామూలు గొంతుతో అడిగితే ఎవరూ పలకలేదు. అప్పుడు నాకు తెలియకుండానే నీ గొంతు వచ్చేసింది. చెయ్యి పైకి లేచింది. "ఇంగెవురన్నా?" అన్నాను. ఒక వేలు లేచింది. మళ్లీ అన్నాను. ఇంకో వేలు లేచింది.

ఒక సంగతి చెబితే నువ్వు ఏడవకూడదు. నేను "ఇంగెవురన్నా?" అన్నప్పుడల్లా ఆ పక్కన జంబుకానా మీద కూర్చున్న పిల్లలు అలవాటు కొద్దీ చేతులెత్తి "నేనుండా!" అన్నారు. వాళ్ల పాట ఇంకా నడుస్తోందనే అనుకున్నారు. "పిల్లకాయలే కొనేట్టుండారే!" అని వ్యాపారులు నవ్వారు. సార్ వాళ్లను గదమాయించి నోరు మూయించాడు. ఝాన్సీ ఎత్తిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. నేను ఆ వైపు చూడకుండా పాడాను.

చింతచెట్లు పోయినేటి కంటే ఎక్కువకు పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కుప్పంలో నా పాటకు పడిన మొదటి చప్పట్లు అవే. సార్ మొహం వెలిగిపోయింది. "నీకీ విద్దె ఉండాదని ఇంతకాలం చెప్పనే లేదే మా!" అన్నాడు. నేను ఆశపడి, "మరి సంగీతం పీరియడ్ సార్?" అన్నాను.

"పాట ఇనేదానికి ఒక్క పేరెంటన్నా వచ్చినాడా?"

"వాళ్లు వేలం అనుకున్నారు సార్. నేను రాసిన మాట వల్ల..."

"అదే నేను చెప్పేది. పాటంటే జనానికి ఏది గుర్తొచ్చిందో నువ్వే సూసినావు కదా. వచ్చే ఏడు మ్యూజిక్ వద్దు లే. ఆన్యువల్ డేకి పెన్‌డ్రైవ్‌లో పాటేసి డాన్సులు చేయిస్తాం. సోమవారం పిల్లకాయలకు చెప్పేయ్. ఏప్రిల్ దాకా ఉండు, నిన్ను ఇప్పుడే పొమ్మనడం లేదు."

ఇంటికి వచ్చి కూర్చుంటే సెల్వక్క కాఫీ ఇచ్చింది. "మాకు పాట్టు వేరే, ఏలం వేరే" అంది. "మీ తెలుగోళ్లు రెండిటికీ ఒగటే మాట పెట్టుకోని, ఇప్పుడు ఏడిస్తే ఎట్ల?" నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. నిజమే కదా. అంతమందిలో పాట కోసం వచ్చినది, ఆ రెండింటికీ వేరు వేరు మాటలున్న మనిషి ఒక్కతే. మాటలంటే అంత ప్రాణం పెట్టే నన్ను నా మాటే ముంచింది. వారం రోజులుగా చప్పరించిన 'ఆవరణ' ఇప్పుడు చేదుగా ఉంది.

ఇక పొద్దున వచ్చిన మనిషి సంగతి. ఆయన పేరు మునిరత్నం, చింతపండు మండీ ఉంది. నిన్న వేలంలో ఉన్నాడు. పిల్లలు పాడేటప్పుడు చెట్ల మీద నుంచి చూపు దించి వాళ్ల వైపు చూసినది ఆయనొక్కడే. గేటు దగ్గర నన్ను చూసి మొదట అడిగిన మాట, "నీది ఏ ఊరు మా?"

"నిమ్మనపల్లె పక్క."

"రెడ్డెప్పకు ఏమవుతావు?"

నీ పేరు ఆయన నోట వినేసరికి గేటు తీసి బయటికి వచ్చాను. "కూతుర్ని" అన్నాను.

"అదీ! ఆ పిల్లకాయలు పాడినప్పుడే అనుకుంటి. 'అన్నా' అని ఆ ఇరుపు ఇరిచి ఇడిసేది మదనపల్లె మండీలో మీ నాయనొక్కడే. నేను టమోటా యాపారం చేసేటప్పుడు కొనేది లేకపోయినా ఆ గొంతు కోసం నిలబడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆడికి పోతే ఇనపళ్లేదే. ఏమైనాడు?"

"సెలవు పెట్టాడు" అన్నాను. ఇంకేం చెప్పను? ఇప్పుడు మండీలో నీ చోట వేరే కుర్రవాడు పాడుతున్నాడని, నువ్వు పక్కన కూర్చుని వచ్చిన క్రేట్లు రాసుకుంటున్నావని నేను చెప్పలేకపోయాను.

మునిరత్నం వచ్చింది పెళ్లికి పాడమని కాదు, పిల్లలకు సంగీతం చెప్పమని కాదు. తన మండీలో పాట పాడమని. "ఆడబిడ్డ పాడితే ఇంకా బాగా ఇంటారు మా. ఇది కూడా పాటే కదా" అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, గౌరవంగానే అన్నాడు. అందుకే ఇంకా బాధగా ఉంది.

నాయనా, ఏప్రిల్ అయినాక వస్తానని ఆయనకు చెప్పాను.

నువ్వు వద్దంటావని తెలుసు. వద్దనడానికి నీకు గొంతు లేని సమయం చూసి చెబుతున్నానని మాత్రం అనుకోవద్దు. నేను చాలా ఆలోచించాను. సంగీతం టీచరు కావాలని అడిగే బడి ఈ చుట్టుపక్కల లేదు. మదనపల్లెలో అడిగాను, పుంగనూరులో అడిగాను. నా బాణీలు ఎవరికీ అక్కర్లేదు. డిప్లొమా పరీక్ష మే నెలలో రాస్తాను, మానను. రాసి ఏం చేస్తానో తెలియదు. నువ్వు కోరిన అసలు పాట నేను పాడలేకపోయాను. ఆశ పెట్టుకోవడానికి ఎటు చూసినా ఏమీ కనబడటం లేదు. కానీ నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను. నిన్నటి వేలం తర్వాత గొంతు మంటగా ఉంటే సెల్వక్క మిరియాల పాలు ఇచ్చింది, తగ్గిపోయింది. అమ్మకు ఈ గొంతు మాట చదివి వినిపించకు.

పలమనేరు మీదుగా వచ్చే బస్సులో మనవాళ్లు ఎవరైనా వస్తే నా పాత శాలువా, కొంచెం రాగిపిండి పంపించండి. అయ్యవారు కనబడితే నేను బాగా చెబుతున్నానని తమ్ముడితో చెప్పించు, అంతకంటే ఏమీ చెప్పించవద్దు. అవ్వకూ, పెదనాయనకూ పెద్దమ్మకూ నా దణ్ణాలు. అమ్మ చేత నా పేరున దేవుడి ముందు ఒక దీపం పెట్టించు. మీ దీవెన నా మీద ఉండాలి. ఇప్పుడు అదే కావాలి, ఇంకేమీ లేదు.

రేపు పొద్దున పాట దక్కినవాళ్లు గెడలు తెచ్చి చెట్లు దులుపుతారట. బడి గంటకు ముందే పిల్లలను రమ్మన్నాను. వాళ్ల పాట తీసేశారని వాళ్లకు చెప్పాల్సింది నేనే. చెప్పే ముందు, కాయలు ఇంకా కొమ్మల మీద ఉండగానే, ఆ చింతచెట్ల కింద పాటను మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరూ ఆపకుండా, ఒక్కసారి పాడిస్తాను. నా ఫోనులో రికార్డు చేసి తమ్ముడి ఫోనుకు పంపిస్తాను. ఈ ఉత్తరం కంటే అదే ముందు చేరుతుంది. చేరి ఉంటే, ఈ కాగితం మడిచి దాన్ని ఇంకోసారి పెట్టించుకో. "ఇంగెవురన్నా?" అని ఝాన్సీ అడిగినప్పుడు నువ్వు నోరు తెరవవద్దు నాయనా. చెయ్యెత్తు, చాలు.

నీ బిడ్డ,
వేణి